మా సినిమాలో దెయ్యం మా ఇంటి మనిషే

ఈ వారం ఉత్తరం ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి వచ్చింది. రాసినామెకు ఇరవై ఏడేళ్లు. పేరు, వీధి పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సంగతంతా క్లుప్తంగా చెబుతాను.

ఆమెది తాతల నాటి నుంచి పర్లాకిమిడిలో బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, షాపులో రెండూ. పగలు నాన్న షాపులోనే లెక్కలు చూస్తారు. హారర్ సినిమాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. మొదట్లో పిన్ని కొడుకుతో కలిసి దుప్పటి కప్పుకుని చూసేవారట. పెద్దయ్యాక అదే పిచ్చి ఉన్న ముగ్గురు స్నేహితులు దొరికారు. ఇద్దరు ఒడియా వాళ్లు, ఒకరు సవర తెగ అబ్బాయి. కొరియా, థాయిలాండ్, ఇండోనేషియా ఎక్కడి హారర్ దొరికినా వదలరు. "సినిమా అయిపోయాక ఎక్కడ భయమేసింది, ఎందుకేసింది అని తెల్లారే దాకా మాట్లాడుకుంటాం" అని రాశారు. ఆ నలుగురే కిందటేడు ఇరవై నాలుగు నిమిషాల సినిమా తీశారు. లక్షా నలభై వేలు అయింది, అందులో ఎక్కువ భాగం ఈమె దాచుకున్న డబ్బే. తాళం వేసి ఉన్న తాతగారి ఇంట్లోనే షూటింగ్.

కథ కూడా ఆ ఇంటిదే. వాళ్ల నాన్నగారి మేనత్త చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేశారు. ఒక ఏడు వీధిలో పిల్లలు వరసగా జ్వరాలతో పోతే, ఆవిడే చిల్లంగి పెట్టిందన్నారు. అంటే చేతబడి. ఒక రాత్రి పదిమంది ఇంటి మీదికొచ్చి ఆవిడ పళ్లు రెండు ఊడగొట్టారు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఆవిడను పెరటి గదిలో ఉంచేసి బయటికి రానివ్వలేదు. కొన్నేళ్లకు అక్కడే పోయారు. ఆ గదిలో అన్నం కంచం పెట్టి రావడం అప్పటికి ఎనిమిదేళ్లున్న నాన్నగారి పనట. ఇదంతా అమ్మ చెప్పింది. నాన్న ఎన్నడూ నోరు విప్పలేదు. సినిమాలో ఆ మేనత్త చనిపోయాక కూడా రాత్రుళ్లు తలుపు కింది సందులోంచి ఖాళీ కంచం బయటికి తోస్తూ ఉంటుంది. అన్నం పెట్టేవాళ్లు లేరు. తెల్లారేసరికి ఆ కంచం ఒక్కో రోజు ఒక్కో ఇంటి గుమ్మం ముందు కనబడుతుంది.

ఇప్పుడు సమస్యలు. శ్రీకాకుళంలో పెళ్లి వీడియోల స్టూడియో ఉన్న ఒకాయన, లోగడ చిన్న సినిమాలకు డబ్బు పెట్టినాయన, ఎనిమిది లక్షలిస్తానంటున్నారు. షరతులేమిటంటే, సినిమాను గంటా నలభై అయిదు నిమిషాలకు పెంచాలి, మేనత్త నిజంగానే మంత్రగత్తె కావాలి, క్షుద్రపూజలు పెట్టాలి, పోస్టరు మీద పర్లాకిమిడి పేరు, ఆ ఇంటి ఫొటో, "నిజంగా జరిగిన కథ" అన్న ముక్క ఉండాలి. "హారర్ ఫ్యాన్స్‌కి కావలసింది అదేనమ్మా" అన్నారట. ఇంకోవైపు నాన్నగారు. ల్యాప్‌టాప్‌లో సినిమా చూపిస్తే పళ్లు ఊడగొట్టే సీను దాకా కదలకుండా కూర్చుని, కంచం సీను రాగానే లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు అమ్మ వచ్చి, "ఇది బయటికెళ్తే మీ నాన్న ఊళ్లో తలెత్తుకోలేరు" అని చెప్పారు. ఈలోగా పలాస నుంచి వచ్చిన సంబంధం ఒకటి, ఈమె మొహం నిండా రక్తం పూసుకుని దిగిన ఫొటో ఎవరో చూడటంతో చల్లబడింది.

"డబ్బు తీసుకోనా? నాన్న మాట విని హార్డ్‌డిస్కు బీరువాలో పడేయనా? ఎవరికీ చెప్పకుండా యూట్యూబ్‌లో పెట్టేయనా?" ఇవీ ఆమె ప్రశ్నలు. సినిమాను పూర్తిగా ఒడియాలోకి మార్చమని స్నేహితులు అంటున్నారట, దాని మీద కూడా నా అభిప్రాయం అడిగారు.

సంతకం కింద మరో రెండు మూడు వాక్యాలున్నాయి. మేనత్త పాత్ర వేసింది వాళ్ల వీధి చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వ. టీజర్ ఫోన్లలో తిరిగిన దగ్గర్నుంచి పిల్లలు ఆమెను "చిల్లంగి అవ్వ" అని పిలుస్తున్నారు. మొన్న ఎవరో తలుపు మీదికి రాయి విసిరారు. "అవ్వ నవ్వేసి ఊరుకుంది, మేమూ పెద్దగా పట్టించుకోలేదు" అని ముగించారు.

*

మీరు సంతకం కింద రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మిగతావి వారం ఆగినా, నెల ఆగినా కొంప మునిగిపోదు. ఇది ఈరోజే చూడాల్సిన పని.

ఒంటరి ముసలావిడ, ఆ పేరు, తలుపు మీద రాయి. మీ సినిమా మొదటి పది నిమిషాల్లో ఉన్నది కూడా ఇదే. మీ తాతగారింటి విషయంలోనూ పదిమంది ఒక్కసారే రాలేదు. మొదట ఎవరో ఆ మాట అని ఉంటారు, ఎవరో నవ్వి ఉంటారు, ఇంకెవరో పట్టించుకోకుండా ఊరుకుని ఉంటారు. మీరుండేది మంత్రగత్తెలంటూ ఆడవాళ్లను వేధించడాన్ని ఆపడానికి 2013లో ప్రత్యేకంగా చట్టం చేసుకోవలసి వచ్చిన రాష్ట్రం. దేశంలో హత్యలకు కారణాలను లెక్కగట్టే జాతీయ నేర గణాంకాల పట్టికలో ఈ నెపానికి ఇప్పటికీ విడిగా ఒక గడి ఉంది, ఒడిశా పేరు అందులో తరచూ కనబడుతుంది. ఆ అవ్వ నవ్వేసి ఊరుకుందంటే భయం లేదని కాదు. ఒంటరిగా ఉండే మనిషి వీధితో తగువు పెట్టుకోలేదు, నవ్వడం తప్ప ఇంకేం చేయగలదు?

టీజర్ ఎక్కడెక్కడ పెట్టారో అక్కడల్లా తీసేయండి. ఫోన్లలో తిరుగుతున్నదాన్ని వెనక్కి తేలేరు, కానీ మీరు తీసేశారని వీధికి తెలుస్తుంది. ఆ తర్వాత నలుగురూ కలిసి పట్టపగలు అవ్వ ఇంటికి వెళ్లండి. అందరూ చూసేలా అరుగు మీద కూర్చోండి. ఆమెకు కావలసిందేమిటో ఆమెనే అడగండి. మీ ముందు రెండు మూడు దార్లున్నాయి, దేన్ని ఎంచుకోవాలో చెప్పవలసింది ఆమే. ఒకటి, రాయి విసిరిన పిల్లల ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లతో మెత్తగా మాట్లాడటం. తెలుగిళ్లలో మీరు, ఒడియా ఇళ్లలో మీ స్నేహితులు మాట్లాడితే మంచిది. చాలావరకు అక్కడే ఆగిపోతుంది. రెండు, షూటింగ్ నాటి వీడియోలు మీ దగ్గర ఉండే ఉంటాయి కదా, అవ్వ మేకప్ వేయించుకుంటూ నవ్వుతున్నవి, షాట్ అయ్యాక మీతో కూర్చుని టీ తాగుతున్నవి, వాటితో రెండు నిమిషాల వీడియో చేసి అదే ఫోన్లలోకి పంపడం. పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. తెర మీద చూసిన దెయ్యం "ఈ జుట్టు దురద పెడుతోందే" అని విసుక్కోవడం చూశాక భయం నిలబడదు. మూడోది పోలీసులు. చట్టం ఆమె పక్షానే ఉంది. అయితే కంప్లయింటు ఇచ్చాక కూడా ఆమె అదే వీధిలో, అదే మనుషుల మధ్య, ఒంటరిగానే ఉండాలి. అందుకని ఆమెను అడగకుండా స్టేషన్‌కు వెళ్లొద్దు. కానీ మళ్లీ రాయి పడినా, పెద్దవాళ్ల నోట ఆ మాట వినబడినా ఇక ఆలోచించకండి. వార్డు కౌన్సిలర్‌ను, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్లండి.

సినిమాలోంచి తన మొహం తీసేయమని ఆమె అంటే తీసేయండి. ఆమె కనబడేది ఎన్ని షాట్లలోనో మీరు రాయలేదు. ఎన్నయినా సరే, చేతులు, వీపు, గోడ మీద నీడ చాలు. హారర్‌లో మొహం కనబడకపోవడం వల్ల సినిమా చెడిపోదని నాకంటే మీకే బాగా తెలుసు. ఉంచమంటే, ఆమె పని చేసినందుకు ఎంతిచ్చారో ఒకసారి చూసుకుని, న్యాయమైనది ఇవ్వండి.

ఇక ఆ ఎనిమిది లక్షలు. ఇంత చిన్న ఊళ్లో, ఇంట్లో ఎవరూ పెద్దగా మెచ్చుకోని పని చేస్తుంటే, బయటి మనిషి ఒకాయన వచ్చి డబ్బు పెడతాననడం ఎంత సంతోషంగా ఉంటుందో ఊహించగలను. ఆయన చెడ్డవాడని నేననుకోవడం లేదు. వ్యాపారం తెలిసిన మనిషి తనకు తెలిసిన పద్ధతిలో అడిగారు. కాకపోతే ఆయన పెట్టిన షరతులన్నీ ఒక్క తీరువి కావు, విడివిడిగా చూడాలి.

నిడివి పెంచమనడం కళకు, కష్టానికి సంబంధించిన సంగతి. మీ కథలో భయమంతా ఒక ఖాళీ కంచంలో ఉంది. దాన్ని గంటా నలభై అయిదు నిమిషాలు సాగదీస్తే మధ్యలో నింపడానికి ఇంకేవేవో కావాలి, క్షుద్రపూజలు వచ్చి పడేది అక్కడే. పొట్టి సినిమాను పొట్టిగానే ఉంచి, దాన్ని చూపించి వేరే పెద్ద సినిమాకు డబ్బు అడగడం కొత్తేమీ కాదు. హాలీవుడ్ దర్శకుడు సామ్ రైమీ, ఆయన స్నేహితులు కాలేజీ వయసులో చేసిందదే. 1978 ప్రాంతంలో ముందు ఒక చిన్న హారర్ సినిమా తీసుకున్నారు. దాన్ని ఊళ్లోని డాక్టర్లకు, వ్యాపారులకు చూపించి డబ్బు పోగుచేసి, ఆ తర్వాతే ఈవిల్ డెడ్ తీశారు. మీ శ్రీకాకుళం ఆయనకు కూడా, "ఇది ఇలాగే ఉంటుంది, ఇంకో కథ చెబుతాను, దానికి పెట్టండి" అని చెప్పవచ్చు. వెనక్కి తగ్గుతారేమో. తగ్గితే మీకు పోయేది డబ్బే, సినిమా మీ చేతిలోనే ఉంటుంది.

పోస్టరు మీద ఊరి పేరు, ఇంటి ఫొటో, నిజంగా జరిగిన కథ అన్న ముక్క. ఇవి వేరే సంగతి. హారర్ అభిమానులుగా మీ నలుగురికీ ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ సంగతి తెలిసే ఉంటుంది. 1999లో కొద్దిపాటి డబ్బుతో తీసిన సినిమా ప్రపంచమంతా తిరిగిందని అందరూ చెప్పుకుంటారు. దాని రెండో వైపు మాత్రం తక్కువమంది చెబుతారు. అదంతా నిజమేనని నమ్మించడం కోసం నటుల అసలు పేర్లే పాత్రలకు పెట్టారు, వాళ్లు కనబడకుండా పోయారని ప్రచారం చేశారు. ఒక నటి తల్లికి కూతురు పోయినందుకు ఓదారుస్తూ కార్డులు వచ్చాయి. కథలో చెప్పిన బర్కిట్స్‌విల్ నిజంగా ఉన్న చిన్న ఊరు. అభిమానులు గుంపులుగా వచ్చి ఊరి పేరు రాసిన బోర్డులు ఎత్తుకెళ్లారు. తమకు రావలసింది సరిగ్గా రాలేదని ఆ నటులు 2024లో కూడా బహిరంగంగా అడుగుతూనే ఉన్నారు. అది అమెరికాలో ఒక కల్పిత మంత్రగత్తె కథ. మీ ఊళ్లో ఆ ఇంటికి తలుపు ఉంది, తాళం ఉంది, వీధి చివర అవ్వ ఉంది. పాతపట్నం నుంచో టెక్కలి నుంచో నలుగురు కుర్రాళ్లు రాత్రిపూట బైకుల మీద వచ్చి ఫోన్ లైట్లు వేసుకుని రీల్స్ తీస్తుంటే ఆపేదెవరు? కాబట్టి ఊరి పేరు, ఇంటి ఫొటో మాత్రం ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికంటే పెద్దది మేనత్తను నిజం మంత్రగత్తెగా మార్చమనడం. ఒక్కసారి మీ సినిమాను ఆ మార్పుతో ఊహించుకోండి. ఆవిడ నిజంగానే చిల్లంగి పెట్టిందని తేలితే, ఆ రాత్రి ఇంటి మీదికొచ్చిన పదిమంది చేసింది సరైన పనే అయిపోతుంది. పళ్లు ఊడగొట్టినవాళ్లు వీధిని కాపాడినవాళ్లు అవుతారు. ఇప్పుడు మీ సినిమాలో భయపడుతున్నది ఆ వీధి. అన్యాయం చేసినవాళ్ల గుమ్మాల ముందు కంచం కనబడుతోంది. ఆ మార్పు చేస్తే అందరూ భయపడాల్సింది ఒంటరి ఆడమనిషిని చూసి అన్నమాట. కెమెరా, లొకేషన్, నటీనటులు అన్నీ అవే ఉన్నా అది మీ సినిమా కాదు, మీరు ఎవరికి వ్యతిరేకంగా తీశారో వాళ్ల సినిమా.

ఆయన చెప్పిన "ఫ్యాన్స్‌కి కావలసింది అదే" అన్న మాట మిమ్మల్ని కాస్త కదిలించినట్టుంది, రెండుచోట్ల రాశారు. మీరే ఫ్యాన్ కదా! మీ నలుగురూ తెల్లారే దాకా కూర్చుని మాట్లాడుకున్నది ఏ సినిమాల గురించి? బకెట్ల కొద్దీ రక్తం పోసినవాటి గురించా, ఒక తలుపు కిర్రుమనకుండా తెరుచుకున్న సినిమా గురించా? హారర్ అభిమానులంత శ్రద్ధగా సినిమా చూసేవాళ్లు అరుదు. శబ్దం ఎక్కడ ఆగిందో, కెమెరా ఎందుకు ఇంకో క్షణం ఆగిందో పట్టేస్తారు. చవకబారు భయాన్ని చూసి నవ్వుకుని మర్నాటికి మరిచిపోతారు. నచ్చినదాన్ని మాత్రం ఏళ్ల తరబడి మోస్తారు. తుంబాడ్ అనే హిందీ హారర్ సినిమా 2018లో వచ్చినప్పుడు థియేటర్లలో అంతంతమాత్రమే. అభిమానులు నోటిమాటగా మోసుకుంటూ తిరిగారు, 2024లో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. వాళ్ల కోసం అనే పేరుతో కథను చెడగొట్టనవసరం లేదు. రక్తం వద్దని కూడా నేననను, అవసరమైనచోట పోయండి.

ఒకవేళ ఏ రూపంలోనైనా ఆయన డబ్బు తీసుకునేటట్టయితే కాగితాల సంగతి చూసుకోండి. మన దేశంలో కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్తగా లెక్కలోకి వచ్చేది నిర్మాత. దర్శకుడో, కథ రాసినవారో కాదు. ఒప్పందంలో నిర్మాత అన్నచోట ఆయన ఒక్కరి పేరే ఉంటే సినిమా ఆయనదైపోతుంది, రేపు మీకు ఇష్టం లేని సీన్లు కలిపినా అడ్డుకోవడం కష్టం. స్క్రిప్టు మాత్రం విడిగా రాసినవారిదే, దాన్ని ముందే రిజిస్టర్ చేయించుకోండి. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. చిన్న హారర్ సినిమాలు కాగితం దగ్గరే ఎక్కువ నష్టపోయాయి. 1968లో జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు పిట్స్‌బర్గ్ దగ్గర తీసిన నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్‌కు విడుదలకు ముందు పేరు మార్చారు. పేరు మార్చేటప్పుడు కాపీరైట్ హక్కుల వాక్యం తెర మీద నుంచి ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ వాక్యం లేకపోతే హక్కు లేదు. అంత పేరు తెచ్చుకున్న సినిమాను ఎవరుపడితే వాళ్లు వేసుకున్నారు, తీసినవాళ్లకు రావలసింది రాలేదు. మన చట్టం వేరు, కానీ సంతకం పెట్టే ముందు ఒక వకీలుకు చూపించండి. ఇంకొకటి, మీ ముగ్గురు స్నేహితులకు ఈ సినిమాలో వాటా ఎంతో ఇప్పుడే రాసుకోండి. డబ్బు మాట వచ్చాక రాసుకోవడం కష్టం.

నాన్నగారి విషయం చివర్లో చెబుతున్నాను గానీ, నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే.

ఆయన పరువు కోసం వద్దంటున్నారని మీరు రాశారు. ఆ మాట అన్నది అమ్మగారు. నాన్నగారు చేసిందేమిటి? పళ్లు ఊడగొట్టే సీను దాకా కూర్చున్నారు. ఇంటి పరువు గురించే అయితే లేవాల్సింది అక్కడే కదా? రక్తం, కేకలు, పదిమంది మగవాళ్లు, తమ ఇంటి ఆడపడుచు. అది చూస్తూ కూర్చోగలిగిన మనిషి ఒక కంచం కనబడగానే లేచిపోయారు. ఆ గదికి అన్నం తీసుకెళ్లింది ఎనిమిదేళ్ల నాన్న అని మీరే, ఏదో మాటల మధ్యలో రాసినట్టు, ఒక్క వాక్యంలో రాశారు. మీకది ఒక వివరం. దాని మీద గొప్ప సీను అల్లారు, నిజంగా గొప్ప సీను. ఆయనకది రోజూ రెండుపూటలా చేసిన పని. కంచం పెట్టి వచ్చేసేవారా, తలుపు దగ్గర కూర్చునేవారా, అత్త ఏమైనా మాట్లాడేదా, పలకొద్దని పెద్దవాళ్లు కొట్టేవారా, ఆఖరి రోజు కంచం అలాగే ఉండిపోవడం చూసింది ఆయనేనా, ఇవేవీ మీకు తెలియవు. నేను ఊహిస్తున్నాను, అది కాకపోనూవచ్చు. కానీ అన్నం మానేసిన తీరు సిగ్గుపడ్డ మనిషిలా నాకు అనిపించలేదు. కంచంతో ముడిపడిన దుఃఖం ఉన్న మనిషే ఆ రాత్రి కంచం ముందు కూర్చోలేకపోతాడు.

అందుకని విడుదల చేయాలా వద్దా అన్న మాట ఆయన దగ్గర ఇప్పుడు ఎత్తకండి. సినిమా ఊసే వద్దు. రాత్రి షాపు షటరు దించాక, లెక్కలు అయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు మేనత్త గురించి అడగండి. మీ ఉత్తరం మొత్తంలో ఆవిడ పేరు ఒక్కచోట కూడా లేదు. నా దగ్గర దాచారో, మీకే తెలియదో. పేరుతో మొదలుపెట్టండి. ఆవిడ ఏం వండేవారు, ఏం పాడేవారు, నాన్నను ఏమని పిలిచేవారు, అలాంటివి అడగండి. ఆయన మాట్లాడితే వినండి, ఫోన్లో రికార్డు చేయకండి, మనసులో కూడా స్క్రిప్టు రాసుకోకండి. ఇది మీలాంటివాళ్లకు కష్టమైన పనేనని తెలుసు.

ఆయన మాట్లాడొచ్చు. మాట్లాడితే సినిమా మీద ఆయన మాటే మారొచ్చు, లేదా మీకే సినిమాలో ఏదో మార్చాలనిపించవచ్చు. మాట్లాడకపోవచ్చు కూడా. యాభై ఏళ్లు మోసినది ఒక్క రాత్రిలో దిగదు. ఒకట్రెండు నెలలు ఆగండి. అప్పటికీ "వద్దు" అంటే మీ ముందు రెండు దార్లుంటాయి. కంచం తీసేసి కథను ఇంకో ఊరికి, ఇంకో బంధుత్వానికి మార్చి విడుదల చేయడం ఒకటి. సినిమా ప్రాణం కొంత పోతుంది, కొత్త షూటింగ్‌కు మళ్లీ డబ్బు కావాలి. కానీ ఆయన జ్ఞాపకం ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన కాదన్నా ఉన్నది ఉన్నట్టు విడుదల చేయడం రెండోది. మేనత్త మీకూ బంధువే, ఆవిడకు జరిగిన అన్యాయం చెప్పే హక్కు మీకు లేదని నేననను. అది చెప్పకుండా ఇంట్లో యాభై ఏళ్లు దాచడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు కూడా. అయితే ఆ కంచం మాత్రం నాన్నగారిది. ఆయన కాదన్నా దాన్ని వాడుకుంటే, షాపుకు వచ్చే ప్రతి మనిషి చూపులోనూ ఆయన దాన్ని చూస్తారు, ఆ మాట ఆయన మీతో అనరు, మీరు రోజూ ఆ షాపులోనే కూర్చోవాలి. దానికి సిద్ధమైతేనే ఆ దారి పట్టండి. ఎవరికీ చెప్పకుండా యూట్యూబ్‌లో పెట్టడం మాత్రం వద్దు. పర్లాకిమిడి లాంటి ఊళ్లో అది సాయంత్రానికి నాన్న ఫోన్లోకి వచ్చేస్తుంది, అదీ కూతురి దగ్గర్నుంచి కాదు, ఎవరో కస్టమర్ దగ్గర్నుంచి.

ఇంకో సంగతి మరిచిపోకండి. ఆ పదిమంది కొడుకులు, మనవలు అదే వీధిలో ఉండొచ్చు, మీ షాపులో బట్టలు కొంటూ ఉండొచ్చు. అమ్మగారు "తలెత్తుకోలేరు" అన్న మాటలో ఇది కూడా ఉందేమో కనుక్కోండి. సినిమాలో ఎవరి ఇల్లూ, ఎవరి ఇంటి పేరూ గుర్తుపట్టేలా లేకుండా ఒకసారి మొదటి నుంచి చూసుకోండి.

విడుదల దాకా వస్తే, తొందరపడి ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. చాలా ఫెస్టివల్స్ అప్పటికే నెట్‌లో ఉన్న సినిమాను తీసుకోవు. ముందు అవి చూసుకుని, తర్వాత యూట్యూబ్. థియేటర్లో టికెట్ పెట్టి వేయాలంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, మీకు దగ్గర్లో కటక్‌లో ఆఫీసు ఉంది. యూట్యూబ్‌కు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. మీ ఊళ్లో ఒక చిన్న ప్రదర్శన వేయాలని కూడా రాశారు. అవ్వ, నాన్నగారు ఇద్దరూ సరేనంటే వేయండి, సినిమా కాగానే లైట్లు వేసి అవ్వను అందరి ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టండి. వాళ్లలో ఒకరు వద్దన్నా ఊళ్లో వేయొద్దు, బయట వేసుకోండి.

సంబంధం గురించి ఎక్కువ చెప్పను. ఆ ఫొటో తీసేయమని అమ్మగారు అంటున్నట్టున్నారు. తీసేస్తే ఈ సంబంధం కుదరొచ్చు, కానీ హారర్ సినిమాలు తీసే అమ్మాయినని తర్వాతైనా తెలియాల్సిందే. అదేదో ఇప్పుడే తెలియనివ్వండి. మధ్యవర్తుల చేత కాకుండా ఆ అబ్బాయితోనే ఒకసారి ఫోన్లో మాట్లాడండి. ఫొటో చూసి వెనకాడింది అతనో, వాళ్ల మేనత్తో, అదైనా తేలుతుంది.

ఇక భాష. మీ స్నేహితులు ఒడియాలోకి మార్చమనడం మార్కెట్ కోసం అయితే అర్థం చేసుకోగలను, కానీ నాకు ఇష్టం లేదు. మీ ఇంట్లో మేనత్త తెలుగులో ఏడ్చి ఉంటుంది. వీధిలో కేకలు ఒడియాలోనూ తెలుగులోనూ వినబడి ఉంటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, అలాగే ఉంచండి. బయటివాళ్లు తీస్తే ఈ కలగలుపు రాదు, మీ ఊరివాళ్లకే వస్తుంది. మీ సవర స్నేహితుడికి ఏదైనా చిన్న పాత్ర ఉంటే అతన్ని అతని మాటలోనే మాట్లాడనివ్వండి. సబ్‌టైటిల్స్ తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడింటిలో చేయించుకోండి. పంపే ముందు ఒడియావి ఒడియా వాళ్ల చేత, తెలుగువి మీ అమ్మగారి చేత ఒకసారి చదివించండి. ఆ వంకన ఆవిడ కూడా సినిమా చివరి దాకా చూస్తారు.